పద్యములో లెక్క

కవికిని గణకునికిని పొత్తు కుదరదని మనలో ననేకుల నమ్మకము. కాని రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, జైనపండితుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును, 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దెచ్చి, శాస్త్రమునకు కావ్యవేషము తొడిగినాడు. మూలమునందలి జైనపరములైన యుదాహరణములను శైవపరముగ మార్చుకొనుట యతని చొరవ.

అసలు ఛందస్సే లెక్క. ప్రతిస్థానమున గురువో లఘువో నిలువవలెను గనుక మూడక్షరముల గణములు 8 మాత్రమే. ఇరువదియక్షరముల పాదమునకో, 10,48,576 భేదములు! ప్రస్తారక్రమమున వానిలో మన యుత్పలమాల 3,55,799వది. దానికి ముందున్న వృత్తములలో నధికాంశమునకు, పాపము, పేరైనను లేదు.

ఇక నా కల్పన యొకటి వినుడు, చరిత్రయని భ్రమింపకుడు. మల్లన మన సీమలో జన్మించియుండిన, హిందూపురపు టంగడిలో తూకములు చూచి 'గుడతింత్రిణీయము', అనగా బెల్లము చింతపండుల గణితమును, ధర్మవరపు మగ్గము చెంత పడుగుపోగు లెన్నుచు 'పట్టుపోగుల శతకము'ను, పెనుకొండ దుర్గ మెక్కుచు 'సోపానసంగ్రహము'ను వ్రాసియుండును. ఈ కడపటిది యసంపూర్ణము; కవి సగము కొండలోనే యాయాసముతో కూలబడెను.

మీ యింట పద్యపులెక్కలు రాగముతో చదువగల తాతగారుండిన, నేటి రాత్రియే చెంత కూర్చుండి వ్రాసికొనుడు.