తూకం చూద్దాం, ఎదుగుదల కాపాడుకుందాం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము బడి పంతుళ్లం. పిల్లలు మా చేతికి అయిదారేళ్లకు వస్తారు. అప్పటికే కొందరు ఈడుకు తగ్గ ఎత్తు లేక, ఊరికే అలసిపోతూ కనిపిస్తారు. ఆ లోటు బడిలో మొదలైంది కాదు. కడుపులో పడిన నాటి నుంచి రెండేళ్లు నిండేదాకా గడిచే వెయ్యి రోజుల్లోనే దాని మూలం ఉంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 33 మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. దాదాపు 32 మందికి తగిన బరువు లేదు. వరి, చెరకు పండే నిజామాబాద్, బోధన్‌లలో ఉన్న మనం దీన్ని ఎక్కడిదో కథగా వినకూడదు.

బరువు పెరగకపోవడానికి కారణాలు మూడు రకాలు. తగినంత తిండి లోపలికి పోకపోవడం ఒకటి. తిన్నది విరేచనాల వల్ల, పేగుల జబ్బు వల్ల ఒంటబట్టకపోవడం రెండోది. క్షయ, గుండె జబ్బు, మాటిమాటికీ వచ్చే జ్వరాల వల్ల ఒంటికి ఎక్కువ ఆహారం అవసరం కావడం మూడోది. తక్కువ బరువుతో పుట్టడం, తల్లికి రక్తం తక్కువగా ఉండడం కూడా వీటికి తోడవుతాయి.

మన బస్తీల్లో మొదటిదే ఎక్కువగా చూస్తాం. వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా తల్లి చాట ముందు నుంచి లేవలేదు. బిడ్డ ఏడిస్తే చాయ్‌లో బిస్కెట్ ముంచి పెడతారు. ఏడుపు ఆగుతుంది గాని ఒంటికి పట్టేది తక్కువ. తల్లిని నిందించడం తేలిక. ఆమె చేతిలో లేనిది తీరిక.

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఘుట్టీ, తేనె, చక్కెర నీళ్లు ఏవీ వద్దు. ఆ తర్వాత పాలు మానకుండా మెత్తటి ఖిచిడీ, పప్పన్నం, గుడ్డు పెట్టాలి. చెంచా వంచితే జారిపోయే గంజి చాలదు. బిడ్డ పొట్ట చిన్నది కనుక తిండి చిక్కగా ఉండాలి, ఒక చెంచా నూనో నెయ్యో కలపాలి. రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. ఖురాన్ కూడా తల్లిపాలకు నిండు రెండేళ్ల గడువు చెప్పింది.

పుట్టినప్పటి బరువు సుమారు అయిదు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు కావాలి. అంగన్‌వాడీలో నెలనెలా తూచి కార్డులో గీత గీయించండి. గీత పైకి పోతుంటే దిగులు లేదు. అడ్డంగా సాగినా, కిందికి దిగినా డాక్టరుకు చూపించాలి. ‘వాళ్ల అబ్బా కూడా చిన్నప్పుడు సన్నగానే ఉండేవాడు’ అని దాదీ అన్నా, నజర్ తగిలిందని ఖాలా అన్నా ఆగవద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినా, పాదాలు వాచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

బిడ్డను కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచమంటే చాలామంది తల్లులు ఉండలేరు. కూలి పోతుంది, ఇంటి దగ్గర మిగతా పిల్లలుంటారు. సొసైటీని మేము కోరేది ఇదే. అర్హులైన ఆ తల్లులకు జకాత్, సదఖా నిధి నుంచి ఆ రోజుల కూలి, ఆటో కిరాయి ఇద్దాం. ప్రతి మొహల్లాలో ఒక చదువుకున్న అమ్మాయి తూకం రోజున తల్లులను వెంటబెట్టుకు వెళ్లేలా చూద్దాం. తూకం తప్పని బిడ్డ రేపు మా తరగతిలో నిటారుగా కూర్చుంటాడు, ఇన్షా అల్లాహ్.