పశువు ఒక్కటే చాలదు



నిరుపేద కుటుంబానికి పాడిపశువును ఇప్పించినంత మాత్రాన పేదరికం తీరదు. అది ఈని పాలిచ్చువరకు ఇల్లు గడవవలెను. ఈలోగా ఎవరికైనా జబ్బుచేసిన, ముందుగా సంతకు పోవునది ఆ పశువే.

ఈ చిక్కును గుర్తించి బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో ఒక పద్ధతిని ప్రారంభించినది. పశువుతోపాటు కొంతకాలం తిండిఖర్చు ఇచ్చెదరు. మేపు, పోషణ నేర్పెదరు. పొదుపు చేయించెదరు, వైద్యసహాయం చూచెదరు. అన్నిటికంటె ముఖ్యముగా, కార్యకర్త తరచు ఇంటికి వచ్చి, ఆ ఇంటి కష్టసుఖాలు తెలిసికొని సలహా చెప్పును. ఈ తోడు సుమారు రెండేండ్లు ఉండును.

ఇటువంటి పద్ధతినే మన దేశంతో సహా ఆరు దేశాలలో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించిరి. సహాయం ముగిసిన ఏడాదికి కూడ ఆ కుటుంబాల తిండి, ఆదాయం చాలవరకు మెరుగుగానే ఉన్నవి. హోండురాస్‌లో మాత్రం ఇచ్చిన కోళ్లు అనేకం రోగాలతో చనిపోయినందున ఆస్తి నిలువలేదు.

కనుక మీ ఊరి సంఘం ఏ పేద ఇంటికైనా పశువును ఇప్పించునపుడు ఈ సంగతులు విచారించండి: మేత ఎక్కడిది? టీకాలు వేయించునది ఎవరు? పాలు వచ్చువరకు తిండి ఎట్లు? వారం వారం ఆ గడప తొక్కి మంచిచెడ్డలు అడుగువారెవరు? వీటికి జవాబు దొరికిన తరువాతనే పశువును తోలుకొని రండి.