అత్తగారి దీపాల బిళ్ళ
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ మీతో ఒక బిళ్ళ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. బిళ్ళ అంటే జడబిళ్ళ కాదు, బొట్టుబిళ్ళా కాదు. వెనకటికి కచేరీల్లో బిళ్ళబంట్రోతు అని ఉండేవాడు చూశారూ, అతని ఛాతీ మీద ఉండే ఇత్తడి బిళ్ళకి ఇది మునిమనవరాలు. ఇప్పుడు దీన్ని బ్యాడ్జి అంటున్నారు. లోపల ఆవగింజల్లాంటి దీపాలుంటాయి. ఫోనులోంచి చెబితే అవి వెలిగి అక్షరాలవుతాయి. సభల్లోనూ పెద్ద దుకాణాల్లోనూ పనిచేసే పిల్లలు పెట్టుకుంటూంటే మీ పట్నాల్లో మీరు చూసే ఉంటారు.

దాంతో మనకేం పని అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా, ఫ్యూజు పోతే మావారిని కేకెయ్యడమే. కాని అవసరం మనిషికి ఏదైనా నేర్పుతుంది.

మా అత్తగారికి 79 ఏళ్ళు. రెండేళ్ళుగా మరుపు వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోతే ఫరవాలేదు, ఇల్లే మరిచిపోతే ఏం చెయ్యను? కిందటి కార్తీకంలో ఒక సాయంత్రం పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. ఆత్రేయపురమంతా వెతికాం. చీకటి పడ్డాక లొల్ల లాకుల దగ్గర కనబడ్డారు. ఎవరో పుణ్యాత్ముడు కూర్చోబెట్టి, "ఏ ఊరు మామ్మగారూ?" అని అడిగితే పుట్టింటి ఊరు చెప్పారట. అరవై ఏళ్ళ కిందట విడిచి వచ్చిన ఊరు! పక్కనే నిండు కాలవ. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

ఆ సంక్రాంతికి మా ఆడపడుచు కూతురు వచ్చింది. కాకినాడలో ఇంజనీరింగు చదువుతోంది. "అత్తా, అమ్మమ్మకి ఇది పెడదాం" అంటూ ఈ బిళ్ళ తీసింది. పైనుంచి కిందికి 11 వరసలు, వరసకి 44 దీపాలు. మొత్తం 484. బాగానే ఉంది గాని, దాంతో వచ్చిన ప్రోగ్రాములో ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. తెలుగు కొడితే వత్తులు ఒకచోట, గుడులు ఒకచోట. కాలవ గట్టున కనబడే మనిషికి తెలుగులో చెప్పకపోతే ఎలా?

అప్పుడా పిల్ల ఇంకో దారి చెప్పింది. ఫాస్ఏషియా అని ఒక సంస్థ ఉందట. 2009లో మొదలైంది. వాళ్ళు బ్యాడ్జ్ మ్యాజిక్ పేరుతో ఇలాంటి బిళ్ళలకి ఫోను ప్రోగ్రాము తయారుచేశారు. అందులో అక్షరాలు కొట్టడమే కాదు, గళ్ళ మీద వేలితో బొమ్మ గీస్తే ఆ బొమ్మే బిళ్ళ మీద వెలుగుతుంది. డబ్బివ్వక్కర్లేదు. ప్రోగ్రాము ఎలా రాశారో అదంతా బాహాటంగా పెట్టారు. దేశదేశాల పిల్లలు తలో చెయ్యీ వేసి దిద్దుతున్నారు. బిళ్ళ లోపలి చిప్పులో నడిచే ప్రోగ్రామునీ అలాగే విప్పి పెట్టారు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు.

నాకు వెంటనే మా ఊరి పూతరేకులు గుర్తొచ్చాయి. బియ్యం నానబెట్టి రుబ్బి, పల్చటి పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క విసురు విసిరితే రేకు వస్తుంది. ఇది మా ఊళ్ళో రహస్యం కాదు. అరుగు మీద కూర్చుని ఎవరైనా చూడవచ్చు. పంచదార రేకుల తర్వాత బెల్లం రేకులొచ్చాయి, జీడిపప్పూ బాదంపప్పూ వేసినవొచ్చాయి. ఒకరు కొత్తది చేస్తే పదిమంది నేర్చుకున్నారు. అందువల్ల ఎవరి పొయ్యీ ఆరిపోలేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కూడా, అది ఏ ఒక్కరి పేరా కాదు, సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న తయారీదారుల సంఘం పేర వచ్చింది. విద్య అందరిదీ, పేరు ఊరిదీ అన్నమాట.

సరే, అక్షరాలు గీద్దామని కూర్చున్నాం. పిల్లల గళ్ళ నోటుపుస్తకం తెచ్చి 11 గళ్ళు నిలువు, 44 అడ్డం గీత కొట్టాను. చూస్తే ఏముంది? చుక్కల ముగ్గే! పక్కింటి టీచరు పిన్నిగారు వచ్చారు, ఆవిడ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఎదురింటి నరసాపురం వదినగారు వచ్చారు. జాకెట్లు కుట్టే అమ్మాయీ, రేకులు తీసే పిన్నీ వచ్చారు. మా మేనకోడలూ నేనూ కలిసి ఆరుగురం.

"ఆత్రేయపురం" అన్న మాటలో అక్షరాలు అయిదు. ఒక్కో అక్షరానికి 8 నిలువు వరసలు, మధ్య ఒక్కో వరస ఖాళీ. అయిదెనిమిదులు నలభై, నాలుగు ఖాళీలు, వెరసి 44. అతికినట్టు సరిపోయింది! చివరి అక్షరంలో "ర"కి 5 వరసలిచ్చి సున్నాకి 3 ఇచ్చాం. అసలు పేచీ అంతా "త్రే" దగ్గర వచ్చింది. పైన ఏత్వం, కింద రవత్తు. ఇంగ్లీషు అక్షరానికి ఆ బాధ లేదు. వదినగారు లేసు అల్లే చెయ్యి కదండీ, గళ్ళు లెక్కపెట్టడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. "పైన రెండు వరసలు, మధ్య ఆరు, కింద మూడు ఇచ్చి చూడండి" అన్నారు. గీశాం. టీచరు పిన్నిగారు గుమ్మం అవతల నిలబడి, "తొమ్మిదేళ్ళ పిల్లాడు చదవగలడా లేదా, అదీ పరీక్ష" అని వీధిలో ఆడుకుంటున్న కుర్రాణ్ణి పిలిచారు. వాడు "ఆత్వే" అని చదివాడు. మళ్ళీ చెరిపాం. నాలుగోసారికి గాని కుదరలేదు. రెండో తెరకి మావారి ఫోను నంబరు. పది అంకెలూ అంకెకి మూడు వరసల చొప్పున వేస్తే తేలిగ్గా పట్టాయి.

పిన్నుతో గుచ్చితే చీర చిరుగుతుంది. అయస్కాంతంతో పెడితే బరువుకి జారుతుంది. కుట్టే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. పైట ఎడమ భుజాన ఉంటుంది కనక, జాకెట్టుకి కుడివైపున పల్చటి వలగుడ్డతో చిన్న జేబు కుట్టింది. దీపాల వెలుగు అందులోంచి చక్కగా కనిపిస్తుంది. ఉతికేటప్పుడు బిళ్ళ తీసేస్తే సరి.

అన్నీ అయ్యాయనుకుని అత్తగారికి పెట్టాం. ఆవిడ ఒక్క క్షణం చూసుకుని, లాగి అవతల పారేశారు. "నేనేమన్నా తప్పిపోయిన గేదెనా, మెడకి బిళ్ళ కట్టడానికి?" అన్నారు. మాకు తల కొట్టేసినట్టయింది. రేకులు తీసే పిన్ని మెల్లిగా అడిగింది: "ఇంతమంది ఇన్ని రోజులు గీశారు, పెట్టుకునే మనిషిని అడిగారా అండీ?" లేదు. ఒక్కరమూ అడగలేదు. మరుపు వచ్చినావిడకి అభిప్రాయం ఏముంటుందిలే అనుకున్నాం. ఈ కథలో నేను సిగ్గుపడే చోటు ఇదే.

మర్నాడు గళ్ళ కాగితం ఆవిడ ముందే పెట్టాను. "అత్తయ్యగారూ, ఇందులో చిన్న ముగ్గు కావాలి, పదకొండు చుక్కలే ఉన్నాయి" అన్నాను. మనవరాలి పేరు మరిచిపోయే మనిషి, ముగ్గు మరిచిపోలేదండీ! పెన్సిలు తీసుకుని పద్మం వేశారు. దాన్ని ఊరి పేరుకి ముందు వెలిగేలా పెట్టాం. "ఇది నా ముగ్గే" అని మురుసుకున్నారు. ఇప్పుడు చాలా రోజులు పెట్టుకుంటారు. వద్దన్న రోజు బలవంతం చెయ్యం. ఆ రోజు మాలో ఒకరం ఆవిడ వెనకే ఉంటాం.

ఇక్కడితో అయిపోతే బాగుండును. మేనకోడలు మా గీతలన్నీ పదిమందికీ అందుబాటులో పెడతానంది. కింద ఎవరి పేరు వెయ్యాలీ అని అడిగితే, "నీ పేరు వేసెయ్యవే, చదువుకున్నదానివి" అన్నాను. వదినగారి మొహం చిన్నబోయింది. ఆవిడ ఏమన్నారో వినండి. "మా అమ్మ జీవితమంతా లేసు అల్లిందండీ. ఒకరు పువ్వులు అల్లడం, ఇంకొకరు అతకడం. ఆ టేబిలుగుడ్డలు ఏ దేశం వెళ్ళాయో, ఎంతకి అమ్మారో అమ్మకి తెలీదు. ఇంటిపట్టున ఖాళీగా ఉండే ఆడవాళ్ళ కాలక్షేపం అనేవారు, అందుకని కూలీ అంతే ఇచ్చేవారు. మళ్ళీ అదేనా?"

తర్వాత తెలిసింది, మరియా మీస్ అనే జర్మనీ దేశపు విదుషీమణి ఈ సంగతే 1982లో పుస్తకంగా రాసిందని. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లేవాళ్ళను గృహిణులని పిలవడం వల్లనే వాళ్ళ శ్రమ శ్రమలా కనబడలేదనీ, లాభం వర్తకులకు పోయిందనీ ఆవిడ వాదన. ఆ లేసుకీ 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని అల్లిన చేతుల పేర్లు ఎక్కడున్నాయి?

అందరికీ పంచడం అంటే పేరు పోగొట్టుకోవడం కాదని ఓపెన్ సోర్స్ వాళ్ళకి మనకంటే ముందే తెలుసు. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన ఒక అనుమతి పత్రం రాశాడు. జి.పి.ఎల్. అంటారు. దాని తాత్పర్యం ఇంతే: మా పని తీసుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి కూడా. కాని రాసినవారి పేర్లు చెరపకండి. మీరు మార్చింది ఇంకొకరికి ఇస్తే, మేము మీకు ఇచ్చిన స్వేచ్ఛే వాళ్ళకీ ఇవ్వండి. ఇరుగింటి నుంచి చేబదులు తెచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మన పెద్దలు చెప్పే మాటా ఇదే కదూ?

ఇంకొక సంగతి. బట్టల మీద కుట్టుకునే ఎలక్ట్రానిక్ పలక లిలీప్యాడ్ అని ఒకటి 2007లో అమ్మకానికి వచ్చింది. అమెరికాలో లియా బ్యూక్లీ అనే ఆవిడ ఊహ అది. పువ్వులా గుండ్రంగా ఉంటుంది. అంచున చిల్లులుంటాయి. వైరు బదులు కరెంటు పారే దారంతో సూదిపెట్టి కుట్టడమే. దాని నమూనా కూడా అందరికీ బాహాటమే. అది వచ్చాక, మామూలు పలకల జోలికి రాని ఆడపిల్లలు ఎంతోమంది దీనితో పని మొదలెట్టారట. చూశారా, మనకి బుర్ర లేక కాదు. మన చేతికి తెలిసిన సూదినీ దారాన్నీ ఆ బల్ల మీద ఎవరూ పెట్టలేదు, అంతే.

చివరికి మా కాగితం మీద ఏం రాశామో చెప్పి ముగిస్తాను. అక్షరాలు ఎవరు గీశారు, "త్రే" ఎవరు విడదీశారు, జేబు ఎవరు కుట్టారు, తప్పు ఎవరు పట్టారు, అన్నీ రాశాం. మొదటి పేరు పద్మం వేసిన మా అత్తగారిది. ఏడుగురం అయ్యాం.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే ఈ పని చేసి చూడండి. గుండెకి పేస్‌మేకరు ఉన్నవాళ్ళకి అయస్కాంతం ఉన్న బిళ్ళ పెట్టకండి. రోజూ రాత్రి ఛార్జింగు మరిచిపోకండి. ఇంటి చిరునామా అంతా వీధికి చూపించకండి, ఊరి పేరూ ఫోను నంబరూ చాలు. బిళ్ళ ఉంది కదా అని కన్ను తియ్యకండి. అది దారి చెప్పగలదు గాని చెయ్యి పట్టుకోలేదు. అన్నిటికంటే ముందు, పెట్టుకునే మనిషిని అడగండి. పని అయ్యాక చేసినవాళ్ళందరి పేర్లూ రాయండి.

ఉంటాను మరి. సెలవు.