బడిని ఎంచే ముందు, ట్యూషన్‌కు పంపే ముందు

(కర్నూలు పాతబస్తీలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అసర్ నమాజు ముగించుకొని, అంగడి పనులు, ఇంటి పనులు విడిచి మీరింతమంది ఇక్కడికి రావడం మాకెంతో సంతోషాన్ని కలిగించింది. జూన్‌లో బడులు తెరుస్తారు. ఈలోగా మన వీధుల్లోని ప్రతి గడపకూ రంగురంగుల కరపత్రాలు వస్తాయి. ఏ బడిలో చేర్పించాలి, ఏ ట్యూషన్‌కు పంపాలి అన్న చర్చ ప్రతి ఇంటిలోనూ సాగుతుంది. ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన మేము కొందరం ప్రతి ఆదివారం ఒక గదిలో కూర్చుని స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాల వంటి పనుల్లో మన కుటుంబాలకు సాయం చేస్తున్నాము. ఆ గదిలో మేము చూసినవాటినే ఈ సాయంత్రం మీ ముందుంచుతున్నాము.

మూడేళ్ల క్రితం ఆటో నడిపే సోదరుడొకరు మా వద్దకు వచ్చారు. ఆయన కుమార్తె ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఏడవ తరగతి పూర్తి చేసింది. రెండేళ్ల ఫీజు బకాయి పడింది. బకాయి కట్టనిదే టీసీ ఇవ్వబోమని బడివారు అన్నారు. "ఇక చాలు సాబ్, ఇంట్లోనే ఉంటుంది, కుట్టుపని నేర్పిస్తాం" అన్నారాయన. ఆ మాట అంటున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు. అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఎనిమిదో తరగతిలోపు బిడ్డ ప్రభుత్వ బడికి గానీ ఎయిడెడ్ బడికి గానీ మారదలిస్తే, పాత బడి ప్రధానోపాధ్యాయులు వెంటనే టీసీ ఇవ్వాలని అందులోని 5వ సెక్షన్ చెబుతోంది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడిలో చేరికను ఆపరాదు. ఈ సంగతి ఆ తండ్రికి తెలియదు. మేము తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, అందులో ఆ సెక్షన్‌ను ప్రస్తావించి, ఆయన వెంట ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లాము. ఆ అమ్మాయి ఆ రోజే ఎనిమిదో తరగతిలో కూర్చుంది.

సమస్య అక్కడితో తీరిపోయిందనుకున్నాము. మరుసటి ఆదివారం ఆమె తన పాత నోట్‌బుక్కులు తెచ్చింది. దస్తూరి ముత్యాల్లా ఉంది. పేజీ పేజీకీ ఎర్ర సిరాతో సరి గుర్తులున్నాయి. ఒక ఇంగ్లీషు పేరా చదవమంటే గడగడా చదివింది. అర్థమేమిటని అడిగితే మాట్లాడలేదు. 432ను 12తో భాగించమంటే చేయలేకపోయింది. ఆ ఇంటివారు ఏడేళ్లు ఫీజు కట్టారు. నాలుగేళ్లు ట్యూషన్ కూడా పెట్టించారు. ట్యూషన్‌లో ఏం చేసేవారని అడిగాము. "మేడం హోంవర్కు జవాబులు బోర్డు మీద రాసేవారు. మేము నోట్‌బుక్కులో ఎక్కించుకునేవాళ్లం" అంది.

బడిలో నేర్పలేదు. ఆ లోటు బయటపడకుండా ట్యూషన్ కప్పిపెట్టింది. రెండింటికీ డబ్బు కట్టింది మాత్రం ఆ ఆటో సంపాదనే. అటువంటి నోట్‌బుక్కులు ఆ తరువాత మా గదికి చాలానే వచ్చాయి. అందువల్ల మేము చెప్పదలచినది ఒక్కటే: బడినైనా, ట్యూషన్‌నైనా బిడ్డకు ఏమి అర్థమైందన్న దానితోనే కొలవాలి. బోర్డు మీది పేరు, టై, బూట్లు, వ్యాను చూసి కొలిస్తే పైన పటారం, లోన లొటారం అన్న సామెతే మన పిల్లల చదువుకూ వర్తిస్తుంది.

ఇక బడి విషయం. చేర్పించే ముందు ఇంట్లో ఒక కాగితం తీసుకుని లెక్క వేయండి. ఈ ఏటి ఫీజు ఒక్కటే చూడవద్దు. పుస్తకాలు, దుస్తులు, వ్యాను, పరీక్ష ఫీజు, ట్యూషన్ అన్నీ కలపండి. తరగతి పెరిగేకొద్దీ ఫీజు పెరుగుతుందని గుర్తుంచుకుని పదో తరగతి వరకు లెక్కించండి. మీకున్న బిడ్డలందరికీ లెక్కించండి. అంత మొత్తం కట్టగలమా అని భార్యాభర్తలు కలిసి కూర్చుని ఆలోచించండి. ఏడో తరగతిలో ఆగిపోయే ఖరీదైన బడి కన్నా, పదో తరగతి దాటించే సాధారణ బడి మేలు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మాలో చాలామందిమి మా ఇళ్లలో కొడుకులను కాన్వెంటుకు పంపి, కూతుళ్లను వీధి చివరి బడికి పంపినవాళ్లమే. ఎవరైనా అడిగితే దూరమని అన్నాము. దూరమే కారణమైతే కొడుక్కు కొన్న సైకిలు కూతురికీ కొని ఉండేవాళ్లం. ఆ కూతుళ్లు ఈనాడు తమ పిల్లల పాఠాల ముందు కూర్చుని ఇబ్బంది పడుతుంటే మాకు కనిపిస్తూనే ఉంది. ఇంట్లో డబ్బు తక్కువైనప్పుడు ముందుగా ఆగేది అమ్మాయి చదువు కారాదు.

రెండవది, బడికి గుర్తింపు ఉందో లేదో చూడండి. ప్రతి గుర్తింపు పొందిన బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. దానిని అడగడానికి సంకోచించవద్దు. ఏ తరగతి వరకు గుర్తింపు ఉందో కూడా అడగండి. ఐదు వరకే గుర్తింపు తెచ్చుకుని ఎనిమిది వరకు నడిపే బడులుంటాయి. అటువంటి చోట చదివిన బిడ్డ పదో తరగతి పరీక్షకు కాగితాలు సిద్ధం చేసుకునే వేళకు చిక్కుల్లో పడుతుంది.

మూడవది ఉపాధ్యాయులు. చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు 30 మంది పిల్లలకు ఒకరు, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులుండాలి. మీ బిడ్డ తరగతిలో ఎంతమంది ఉన్నారు? లెక్కలు చెప్పేవారు ఎవరు? వారు డీఎడ్ గానీ బీఎడ్ గానీ చేశారా? నిరుడు చెప్పినవారే ఈ ఏడాదీ ఉన్నారా? ఉపాధ్యాయులు ఏటా మారిపోయే బడిలో భవనం ఎంత గొప్పగా ఉన్నా చదువు ఒంటబట్టదు. వీలైతే సాయంత్రం బడి వదిలే వేళ గేటు దగ్గర నిలబడి, అక్కడ చదివే పిల్లలతో రెండు మాటలు మాట్లాడండి. కరపత్రం చెప్పని సంగతులు వారు చెబుతారు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా, అందులో నీళ్లు వస్తాయా అన్నది తల్లులే స్వయంగా వెళ్లి చూడాలి.

నాల్గవది మాధ్యమం. మన ఇళ్లలో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఇంత చిన్న బుర్రకు మూడు భాషలూ బరువని మేము అనము, పిల్లలు నేర్చుకోగలరు. అయితే అర్థమయ్యే భాషలో వివరించేవారు బడిలో ఉండాలి. ఉర్దూ మీడియంలో వేయదలచినవారు అక్కడ పదో తరగతి వరకు లెక్కలకు, సైన్సుకు ఉపాధ్యాయులు ఉన్నారా, ఖాళీలున్నాయా, ఆపై ఇంటర్మీడియెట్ ఎక్కడ చదివించాలి అని ముందే విచారించుకోవాలి. ఇంగ్లీషు మీడియంలో వేసేవారు ఉర్దూ చదవడం, రాయడం ఇంట్లోనో మక్తబ్‌లోనో సాగేలా చూసుకోవాలి. తెలుగు బాగా రాకపోతే రేపు ఉద్యోగ పరీక్షల్లోనూ, కార్యాలయాల్లోనూ వెనుకబడేది మన పిల్లలే.

ఐదవది, ప్రైవేటు బడి తప్ప దారి లేదనుకోవద్దు. మైనారిటీ గురుకులాలున్నాయి, తెలంగాణలో 2016లో 71 పాఠశాలలతో మొదలైన మైనారిటీ గురుకులాల్లో భోజనం, వసతి, చదువు అన్నీ ఉచితమే. మన రాష్ట్రంలోనూ మైనారిటీ గురుకుల పాఠశాలలున్నాయి. ప్రైవేటు బడులు ఒకటో తరగతి చేరికల్లో 25 శాతం సీట్లను పేద, బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని విద్యాహక్కు చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. మైనారిటీ సంస్థలు నడిపే బడులకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కనుక, ఆ సీటు కోసం మీరు అడగవలసినది ఇతర ప్రైవేటు బడులను. ప్రకటన వెలువడిన వారంలోనే దరఖాస్తు చేయండి. గడువు దాటాక మా గదికి వచ్చేవారికి మేము ఏమీ చేయలేకపోతున్నాము.

పాత గుమాస్తాలం కనుక కాగితాల గురించి ఒక మాట. చేరిక రోజున బడి రిజిస్టరులో రాసే పేరే పదో తరగతి మార్కుల జాబితా దాకా వెళుతుంది. ఒకచోట మొహమ్మద్, మరొకచోట ఎండీ. ఆధార్‌లో షేక్ ముందు, బడిలో షేక్ చివర. తండ్రి పేరులో ఒక అక్షరం తప్పినా స్కాలర్‌షిప్పు ఆగుతుంది, పాస్‌పోర్టు ఆగుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో పేరు ఎలా రాయాలో కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. పుట్టిన తేదీ సరిచూడండి. రాసిన తరువాత రిజిస్టరును మీ కళ్లతో చూడండి. 2007 చట్టం ద్వారా వచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషనుకు అర్హత ఉన్న కుటుంబాలు ఆ ధ్రువపత్రాన్ని ఇంటర్ చేరిక దాకా వాయిదా వేయక ఇప్పుడే తీసుకోవాలి.

ఇక ట్యూషన్ సంగతి. పక్కింటి పిల్లవాడు వెళుతున్నాడని మన పిల్లవాడిని పంపడం తగదు. మీ బిడ్డ ఏ విషయంలో వెనుకబడిందో ముందు తెలుసుకోండి. లెక్కల్లో వెనుకబడితే లెక్కలకే పంపండి. అన్ని సబ్జెక్టులూ ఒక్కరే ఒక్క గంటలో చెబుతామంటే, అక్కడ జరిగేది హోంవర్కు పూర్తి చేయించడమే. ఒకే గదిలో ఒకటి నుంచి పది వరకు 40 మందిని కూర్చోబెట్టే చోటు కన్నా, పది మందికి చెప్పే మన వీధిలోని డిగ్రీ చదివిన ఆడబిడ్డ మేలు. ఆమెకూ నాలుగు డబ్బులు వస్తాయి; మన అమ్మాయిలకూ చీకటిపడే వేళ దూరం వెళ్లే అవసరం తప్పుతుంది.

బడిలో చెప్పే ఉపాధ్యాయులే తమ వద్ద ట్యూషన్‌కు రమ్మంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. తరగతిలో చెప్పవలసిన పాఠాన్ని ట్యూషన్ దాకా దాచిపెట్టే చోట, ట్యూషన్‌కు డబ్బు లేని బిడ్డ రెండుసార్లు నష్టపోతుంది.

పంపే ముందు ఆ ఇల్లు చూడండి. చెప్పే గది తలుపు తెరిచి ఉంటుందా, ఇంట్లో ఆడవారు ఉంటారా, కొడతారా అని అడగండి. చెప్పకుండా అప్పుడప్పుడు వెళ్లి చూడండి. బిడ్డ ఒక్కసారి "అక్కడికి వెళ్లను" అంటే బద్ధకమని తిట్టకుండా, కారణం నెమ్మదిగా అడగండి. అబ్బాయి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

బిడ్డ రోజును కూడా లెక్క వేయండి. ఫజర్ తరువాత మక్తబ్, ఎనిమిదిన్నరకు బడి, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు ట్యూషన్, ఆపై హోంవర్కు. ఆడుకునేది ఎప్పుడు? నిద్రపోయేది ఎప్పుడు? ట్యూషన్‌లో పుస్తకం మీద తల వాల్చి నిద్రపోయే పిల్లలను మేము చూశాము. వారిని తిట్టి లేపడం కన్నా, ట్యూషన్‌ను ఒక గంటకు తగ్గించడమే న్యాయం.

"మాకు చదువు రాదు, మేమెలా కనుక్కోగలం?" అని చాలామంది తల్లులు అడుగుతారు. చదువు రాకపోయినా కనుక్కోవచ్చు. రాత్రి భోజనాల తరువాత బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ రోజు నేర్చుకున్నది నాకు చెప్పు బేటా" అని అడగండి. మన భాషలోనే చెప్పమనండి. అర్థమైన బిడ్డ చేతులు తిప్పుతూ, ఉదాహరణలిస్తూ చెబుతుంది. బట్టీ పట్టిన బిడ్డ నాలుగు వాక్యాలు అప్పజెప్పి ఆగిపోతుంది. కూరగాయల చీటీ ఇచ్చి మొత్తం కట్టమనండి. లెక్కలు వచ్చాయో లేదో తెలుస్తుంది. నెల రోజులు ఇలా చూసినా మార్పు లేకపోతే ఆ ట్యూషన్ మాన్పించండి.

చివరిగా, బిడ్డను చేర్పించాక మన పని అయిపోయిందనుకోవద్దు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని చట్టం చెబుతోంది. మన తల్లులు ఆ కుర్చీల్లో కూర్చోవాలి. లెక్కల మాస్టారు పోస్టు ఎందుకు ఖాళీగా ఉందో అడగాలి. 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో దాదాపు నాల్గవ వంతు అసలు బడికి వెళ్లనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఆ అంకె వెనుక ఉన్నది గుమ్మం దగ్గర నిలబడిన అటువంటి అమ్మాయిలే.

ఆ అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పరీక్ష రాసింది. రెండేళ్ల పాటు ఆదివారాలు మా గదిలో మూడో తరగతి లెక్కల నుంచి మొదలుపెట్టి నేర్చుకుంది. మొదట్లో చిన్నపిల్లల పుస్తకం పట్టుకోవడానికి సిగ్గుపడేది. ఇప్పుడు సెలవుల్లో తమ్ముడికీ, పక్కింటి పిల్లలకూ భాగహారం చెబుతోంది. ఫలితాలు ఇంకా రాలేదు. ఎన్ని మార్కులు వస్తాయో మేము చెప్పలేము. భాగహారం మాత్రం వచ్చని మా కళ్లతో చూశాము.

మీరందరూ ఇంటికి వెళ్లి ఈ రాత్రి మీ బిడ్డ నోట్‌బుక్కు ఒకటి తెరవండి. అందులో రాసినది చెప్పమనండి. చెప్పలేకపోతే కొట్టవద్దు, తిట్టవద్దు. ఆ నోట్‌బుక్కు తీసుకుని ఆదివారం మా గదికి రండి. అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక. ఆమీన్.