రక్తనాళములలో సున్నము



బోధనులో మా సంఘపెద్ద ఒకరికి స్కానింగు చేసి, గుండె నాళములలో కాల్షియం పేరుకొన్నదని చెప్పిరి. నాటినుండి ఆయన పాలు, పెరుగు, తాంబూలములోని సున్నము సయితము మానివేసెను. మేము పరామర్శింప వెళ్లగా, "అయ్యగారూ, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు గొట్టాలకు పట్టిన గార గోకించిన. ఇది గూడ గంతే గద?" అనెను.

2015లో మూతపడిన ఆ ఫ్యాక్టరీలో, సున్నముతో తేటపరచిన చెరకు రసమును మరిగించునప్పుడు గొట్టములకు గార పట్టెడిమాట నిజమే. కాని రక్తనాళము ఇనుప గొట్టము కాదు, ప్రాణముగలది. దాని గోడలోని కండర కణములే తమ పని విడిచి ఎముక కణములవలె ప్రవర్తింప నారంభించును. ఎముకను పెంచు ప్రోటీనును అట్టి గోడలలో 1993లోనే శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

కణములను ఈ దారి పట్టించువానిలో కొవ్వు ఆమ్లములును కలవు. నెయ్యి, వనస్పతులలో నుండు పామిటిక్, స్టియరిక్ ఆమ్లములు కణములో మితిమీరినచో లోపలి యంత్రాంగము తడబడి, కాల్షియం ఫాస్ఫేటు గోడలో గట్టిపడును. స్టియరిక్ ఆమ్లమును ఓలియిక్ ఆమ్లముగా మార్చు ఎంజైము ఒకటి కలదు. నాళపు కండరములలో దానిని తొలగించిన ఎలుకలకు నాళములు గట్టిపడినవి.

చెరకు నాటివారమైన మనకు ముఖ్యమైనది వేరొకటి. మితిమీరిన చక్కెరను కాలేయము కొవ్వుగా, విశేషించి పామిటిక్ ఆమ్లముగా మార్చును. షుగరు వ్యాధి, మూత్రపిండముల వ్యాధి గలవారికి అపాయము మరింత హెచ్చు.

ఆ పెద్దగారికి షుగరు వ్యాధి కలదు. పాలు మానిన ఆయన నల్ల చాయలో మూడేసి చెంచాల చక్కెర వేసికొనుచుండెను! మేమే ఆయనను డాక్టరుగారి యొద్దకు మరల తోడుకొనిపోతిమి. ఇప్పుడు ఆయన విస్తరిలోనికి పెరుగు తిరిగి వచ్చినది. చక్కెర విషయములో మాత్రము ఇంటివారితో బేరము ఇంకను సాగుచున్నది.