మసకంతా పువ్వు కాదు



కన్ను ఎర్రబడి నల్లగుడ్డు మసకబారితే మనం ఏమంటాం? "పువ్వేసింది, ఇంకేం చూపు!" అంటాం. మా వీధిలో ఒకమ్మ అట్లాగే అనుకుని చీకటి మూలన కూర్చుంది. వెలుతురు చూడలేదు. ఎవరో నందివర్ధనం రసం పిండబోయారు. కొడుకు అడ్డుపడి ఆస్పత్రికి తీసుకుపోయాడు. కొన్ని వారాలు చుక్కల మందు వాడింది. మసక విడిపోయింది.

ఎట్లా విడిపోయింది?

నల్లగుడ్డు మీద గడియారం అద్దం లాంటి పొర ఉంది. పేరు కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. దాని లోపలి వైపు ఒకే ఒక్క వరస కణాలు ఉంటాయి. కణాలంటే కంటికి కనపడనంత చిన్న గదులు. వాటి పని నీళ్లు తోడటం. మన దుగరాజపట్నం పడవల్లో ఊరే నీటిని తోడిపోస్తారు చూడండి, అట్లా. అందుకే అద్దం తేటగా ఉంటుంది.

కంటి లోపల వాపు జబ్బు వస్తే ఈ కణాలు ఉబ్బుతాయి. డాక్టరు యంత్రంలో చూస్తే అక్కడ నల్లచుక్కలు కనపడతాయి. తోడే పని మందగిస్తే అద్దం నానుతుంది, మసకేస్తుంది. జబ్బు తగ్గితే ఉబ్బు తీస్తుంది. చుక్కలూ పోతాయి.

అయితే చచ్చిన కణం మళ్లీ పుట్టదు. మోకాలు గీరుకుంటే కొత్త చర్మం వస్తుందే, ఇక్కడ అట్లా రాదు. చాలా కణాలు పోతే, చనిపోయినవారు దానం చేసిన కంటి పొర వేయాల్సిందే. 1987లో హైదరాబాదులో పెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో ఆ లోపలి పొర ఒక్కటే కూడా మారుస్తారు.

వరి గింజ తగిలి లేచే పుండు వేరు. దానికి మచ్చ మిగలొచ్చు. ఏది పుండో, ఏది వాపో మనం చెప్పలేం. వాపు చుక్కలు పుండులో పడితే పుండు ముదురుతుంది. కాబట్టి మందుల షాపులో అడిగి వేసుకోకండి. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు పడకపోతే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోండి.