న్యూయార్క్ కాగితంలో మన సంఘం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇంతకుముందే చదివారు. మేము ఒక్క మాట గురించి చెప్తాం. ఆ మాట "వీలైతే".

పోయిన ఏడాది మా గ్రామ సంఘంలో ఒక తీర్మానం రాశాం. వీలైతే మీటింగు సాయంత్రం 6 లోపు ముగించాలని. చీకటి పడ్డాక ఇంటికి పోతే కొందరు మాటలు పడాల్సి వస్తోంది. కానీ ఏడాదంతా ఒక్కసారీ వీలు కాలేదు. ఇద్దరు సభ్యులు రావడమే మానేశారు. చివరికి పుస్తకం తీసి, "వీలైతే" కొట్టేసి, మళ్లీ అందరం సంతకాలు పెట్టాం. ఇప్పుడు 5.30 కే లేస్తున్నాం. ఆ ఇద్దరిలో ఒకామె తిరిగి వచ్చింది.

ఇదే పేచీ దేశాల మధ్య కూడా నడుస్తుందని మాకు ఈమధ్యే తెలిసింది. ఐక్యరాజ్య సమితిలో మహిళల స్థితిగతుల కమిషన్ అని ఒకటుంది. 1946లో పెట్టారు. ఇప్పుడు అందులో 45 దేశాలు సభ్యులు. ఏటా న్యూయార్క్‌లో కూర్చుని, ఆడవాళ్ల కోసం ప్రభుత్వాలు ఏం చేయాలో ఒక కాగితం రాసుకుంటాయి. ఒప్పుకోని మాట చుట్టూ బ్రాకెట్లు పెడతారు. అది తీసేదాకా రాత్రిళ్లు కూడా వాదించుకుంటారు.

అక్కడ యూఎన్ ఉమెన్ అనే సంస్థ ఉంది. 2010లో ఏర్పడింది. అందులో కొందరి ఉద్యోగమే ఈ ప్రభుత్వాల మధ్య పని. ముందుగా నివేదికలు తయారుచేస్తారు, ఏ దేశం ఏం అంటోందో వింటారు, పాత ఒప్పందంలో ఏముందో గుర్తు చేస్తారు. ఓటు మాత్రం వాళ్లకి లేదు. మన వీవోఏ లాగా అనుకోండి. పుస్తకం ఆమె రాస్తుంది, తీర్మానం చేసేది సభ్యులు. పుస్తకం సరిగ్గా లేకపోతే తీర్మానమూ నిలవదు. మన దేశపు లక్ష్మీ పురి గారు అక్కడ ఈ పనికే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా చేశారు.

మన వాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. 1948 నాటి మానవ హక్కుల ప్రకటన రాసేటప్పుడు, "పురుషులందరూ" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట వద్దని హంసా మెహతా గారు పట్టుబట్టారు. అది "మనుషులందరూ" అని మారింది. ఒక్క మాటే. మనం అందులో ఉన్నామా లేమా అనేది ఆ మాట మీదే ఆధారపడింది.

అక్కల్లారా, 1979లో సీడా అనే ఒప్పందం వచ్చింది. ఆడవాళ్ల మీద వివక్ష పోవాలని దేశాలు చేసుకున్న ఒప్పందం అది. అందులో 14వ అధికరణం పల్లె ఆడవాళ్ల కోసమే. స్వయం సహాయక సంఘాలు పెట్టుకునే హక్కు, వ్యవసాయ రుణాలు అందే హక్కు అందులో రాసి ఉన్నాయి. మన దగ్గర సారా ఉద్యమం, పొదుపు ఉద్యమం పెరిగింది 1990ల్లో. ఆ కాగితం చూసి మన సంఘాలు పుట్టాయని మేము అనడం లేదు. మన కష్టంతో పుట్టాయి. కానీ ఇది ఎవరో దయతో ఇచ్చిన పథకం కాదు, హక్కు అని రాసి ఉంది. మన దేశం ఆ ఒప్పందాన్ని 1993లో ఆమోదించింది.

కాగితంతో ఏమొస్తుంది అంటారేమో. రాజస్థాన్‌లో మనలాగే పల్లెలో పనిచేసే ఒకామె బాల్య వివాహం ఆపబోయింది. ఆ కక్షతో ఆమె మీద అత్యాచారం చేశారు. పనిచేసే చోట రక్షణకి అప్పట్లో చట్టమే లేదు. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 1997లో విశాఖ తీర్పు ఇచ్చేటప్పుడు కోర్టు సీడా ఒప్పందాన్ని ఆధారంగా తీసుకుంది. తర్వాత 2013లో చట్టం వచ్చింది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటైనా, ఇళ్లలో పనికి వెళ్లే వాళ్లకైనా జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. జరిగిన 3 నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఈ మాట మీ సంఘంలో తప్పక చెప్పండి.

న్యూయార్క్ కాగితం దానంతటది మన ఊరికి నడిచి రాదు. ఎవరో ఒకరు అడిగితేనే వస్తుంది. ఆ రాజస్థాన్ ఆడవాళ్లు అడిగారు కాబట్టి వచ్చింది.

అందుకే మా విన్నపం ఒకటే. ఈ ఏడాది ఏ తీర్మానంలోనూ "వీలైతే", "చూద్దాం" అని రాయనివ్వకండి. ఎవరు చేస్తారు, ఏ తారీఖులోపు చేస్తారు అని రాయించండి. చదివి వినిపించమనండి. అర్థమయ్యాకే సంతకం పెట్టండి. వేలిముద్ర వేసే అక్క కూడా ఆగి అడగాలి: "ఇందులో ఏం రాశావమ్మా?" అని.